ఎండ పూట పిట్టల కాపలా

మహబూబ్‌నగర్, ఏప్రిల్ చివరి ఆదివారం

ఈరోజు పొద్దున పంజరం మీది గుడ్డ తీసేసరికి మా పసుపుపచ్చ బడ్జీ (ఇళ్లలో పెంచుకునే చిన్న చిలుక) ఈకలు ఉబ్బించుకుని, మిగతా మూడింటికి దూరంగా కొమ్మ చివర ముడుచుకుని కూర్చుని ఉంది. చలికాలమైతే నేను అంతగా పట్టించుకునేదాన్ని కాదు, ఒంట్లో వేడిని నిలుపుకోవడానికి ఏ పక్షి అయినా అలాగే కూర్చుంటుంది. కానీ పాలమూరులో ఏప్రిల్ ఆఖరున, తెల్లవారేసరికే గోడలు వెచ్చగా తగిలే రోజుల్లో, ఆరోగ్యంగా ఉన్న పిట్ట ఈకలను ఒంటికి అణచుకుని, రెక్కలను కొంచెం ఎడంగా పెట్టి గాలి ఆడనిస్తుంది. ఎండాకాలంలో ఉబ్బి కూర్చున్న పిట్టను చూస్తే అందుకే నా గుండె ఝల్లుమంటుంది.

జబ్బుపడినట్టు కనిపించిన పక్షినే డేగ మొదట తన్నుకుపోతుంది కాబట్టి, ఈ చిన్న చిలుక జాతులు ఒంట్లో శక్తి ఉన్నంతసేపు తమ బాధను బయటపడనివ్వవు. అది పంజరం అడుగున కూలబడిందని మనం గుర్తించే నాటికి జబ్బు చాలా ముదిరిపోయి ఉంటుంది. మా ఊరి పశువైద్యశాలకు వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలు, మేకలే. పక్షులను ప్రత్యేకంగా చూసే డాక్టరు కావాలంటే వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పోవలసిందే. కాబట్టి పిట్టలను సాకడంలో గింజలు పెట్టడం, నీళ్లు మార్చడం కంటే వాటిని రోజూ నిలబడి చూడటమే పెద్ద పని అని నేను నమ్ముతాను.

పంజరం కింద పరిచిన పేపరును మార్చే ముందు రెట్టలను చూశాను. ముదురు ఆకుపచ్చ చుట్టూ, మధ్యలో తెల్లటి చుక్కా ఎప్పటిలాగే గట్టిగా ఉన్నాయి, నీళ్లగా జారలేదు. తర్వాత వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న కర్ర పీట పెట్టి, దాని మీద కొర్ర కంకి ముక్క ఉంచాను. మిగతా రోజుల్లో కంకి కనబడగానే దూకే పిట్ట ఈరోజు తటపటాయించి, చివరికి నా వేలు మీది నుంచి పీట మీదికి దిగింది. పెంపుడు బడ్జీలు సాధారణంగా 30 నుంచి 40 గ్రాముల మధ్య తూగుతాయి. దీని తూకం నా పుస్తకంలో ఎప్పుడూ 37 దగ్గర ఉంటుంది, ఈరోజు 36 చూపించింది. ఒక గ్రాము తేడా మనుషులకు లెక్క కాకపోవచ్చు గానీ, ఇంత చిన్న ప్రాణికి దాన్ని రాసిపెట్టుకోవలసిందే.

దగ్గరగా చూసినప్పుడు కారణం కొంత తెలిసింది. నెత్తి మీద, మెడ చుట్టూ కొత్త ఈకలు ఒక్కొక్కటి తెల్లటి తొడుగులో ముళ్లలాగా పొడుచుకొస్తున్నాయి. పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే ఈ రోజుల్లో పిట్టకు మామూలు కంటే ఎక్కువ బలం కావాలి, దురద వల్ల చిరాకుగా కూడా ఉంటుంది. తన నెత్తిని తాను ముక్కుతో అందుకోలేదు కాబట్టి, కాసేపటికి నీలం రంగు మగపిట్ట దాని పక్కకు జరిగి, ఒక్కో తొడుగును ముక్కు కొసతో పట్టి కొరికి విప్పడం మొదలుపెట్టింది. పసుపుపచ్చది కళ్లు సగం మూసి తల వంచి ఇచ్చింది. లోపలి ఈక విచ్చుకున్నప్పుడల్లా సన్నటి తెల్లపొడి రాలుతుంటే, పొయ్యి మీద పాలున్న సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను. ఈ పిట్టలు ఇంట్లో లేకపోతే ఇంత చిన్న ఆప్యాయతను ఇంత దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కేది కాదు.

ఆ తెల్లపొడి వల్లనే పంజరాన్ని పడకగదిలో పెట్టనివ్వను. మా అత్తమ్మకు ఆయాసం ఉంది, ఈకల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. వంటింటికీ దూరంగానే ఉంచాలి, ఎందుకంటే నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాలితే వచ్చే ఆవిరి మనకు వాసనైనా తెలియకముందే పక్షుల ప్రాణం తీయగలదు. మా ఇంట్లో జొన్నరొట్టెలకైనా దోసెలకైనా ఇనుప పెనమే వాడతాము.

గింజల పని అత్తమ్మదే. బడ్జీ ప్రతి గింజనూ ఒలిచి, పప్పు తిని, పొట్టును అదే గిన్నెలో వదిలేస్తుంది. పైకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది, లోపల ఒక్క గింజ కూడా ఉండకపోవచ్చు. తెలియని ఇళ్లలో నిండు గిన్నె ముందే పిట్టలు పస్తులుంటాయి. అత్తమ్మ రోజూ ఆ గిన్నెను చేటలోకి ఒంపి, చెరిగి, పొట్టు పోగొట్టి, మిగిలిన కొర్రలకు కొన్ని సామలు కలిపి పెడుతుంది. ఈరోజు ఊరి నుంచి వచ్చిన జొన్న కంకిని పంజరం ఊచలకు కట్టి, "గప్పుడు చేన్ల కంకుల మీద చిలుకలు వాల్తె మంచె మీద నిలబడి వడిసెల తిప్పి ఉరికిచ్చేటోళ్లం బిడ్డా, గిప్పుడు మనమే తెచ్చి తినుమంటున్నం" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. గింజలతోనే వదిలేస్తే పిట్టలకు పోషకాలు చాలవు కాబట్టి, ఈకల కాలమని ఈరోజు మెంతికూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్ కొంచెం ఎక్కువే పెట్టాను. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్ చేప లోపలి తెల్లటి పెంకు, పంజరంలో ఎప్పుడూ ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటింది. ఇవి ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల పిట్టలు, ఎండ వీటికి కొత్త కాదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అది సగం నిజమే. అక్కడ గుంపులు గుంపులుగా తిరిగే బడ్జీ ఎండ ముదరగానే చెట్టు నీడకో నీటి మడుగు దగ్గరికో ఎగిరిపోగలదు. పంజరంలోని పిట్టకు మనం చూపించిన నీడ తప్ప వేరే దిక్కు లేదు. అందుకే పదకొండు కాకముందే పంజరాన్ని ఉత్తరం వైపు గదిలోకి మార్చి, కిటికీకి తడిపిన గోనె పట్టా కట్టి, కూలర్ గాలి నేరుగా తగలకుండా పక్కకు తిప్పాము. వెడల్పాటి పళ్లెంలో వేలు మందాన నీళ్లు పోస్తే ఆకుపచ్చవి రెండూ దిగి రెక్కలు కొట్టుకుంటూ స్నానం చేశాయి. పసుపుపచ్చది దిగలేదు గానీ, ముక్కు తెరిచి రొప్పడం కూడా లేదు.

ఆ వేళకే పక్కింటి అక్క వచ్చి, "గివన్నెందుకు చెల్లె, ఒక రామచిలుకను తెచ్చుకుంటే రామ రామ అంటది గద" అని అడిగింది. ఈ మాట చాలామంది అంటారు, అన్నప్పుడల్లా నేను ఓపికగా చెబుతాను. రామచిలుకలు, గోరింకలు మన అడవి పక్షులు; వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. దసరా నాడు దర్శనం కోసమని పాలపిట్టను పంజరంలో పెట్టి తిప్పడమూ అలాంటిదే, పైగా అది మన రాష్ట్ర పక్షి. చట్టం సంగతి పక్కన పెట్టినా, తొర్రలోంచి తల్లికి దూరం చేసి తెచ్చిన పిల్ల పలికే రామనామం నాకు వినబుద్ధి కాదు. బడ్జీలైతే పంజరంలోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్నాయి. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో వాటిని ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు తీసుకుపోయాక ఇళ్లలో పెంపకం పెరిగింది. ఇప్పుడు వాటిని బయట వదిలితే స్వేచ్ఛ దొరకదు, కాకికో పిల్లికో దొరుకుతాయి. అక్క అంతా విని, గుడ్లు పెడితే ఒక జంట ఇమ్మని అడిగింది. ఎండలు తగ్గేదాకా గూడు కుండ కట్టనని చెప్పాను. కుండ కనిపిస్తే చాలు ఆడపిట్ట ఒకరోజు విడిచి ఒకరోజు గుడ్డు పెడుతూ పోతుంది, పద్దెనిమిది రోజుల పాటు ఆ ఉడుకులోనే పొదుగుతుంది. బలం చాలని పిట్టకు గుడ్డు అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

సాయంత్రం రోజూ లాగే కిటికీలకు పరదాలు వేశాము. మా చిన్నది "అమ్మా, ఫ్యాను బంద్ చేసిన, తలుపు తియ్యనా?" అని అడిగి, రెక్కలు పూర్తిగా ఆగాయో లేదో తలెత్తి చూసి మరీ పంజరం తెరిచింది. తిరిగే ఫ్యాను ఎన్ని ఇళ్లలో పిట్టల్ని బలి తీసుకుందో విన్నాక, ఈ ఒక్క విషయంలో ఆమెకు నేను రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. నీలం పిట్ట గది చుట్టూ ఎగిరి పరదా కడ్డీ మీద వాలి, బయటి ఊరపిచ్చుకల నుంచి నేర్చుకున్న కిచకిచలు వినిపించింది. పసుపుపచ్చది పంజరం తలుపు దాకా వచ్చి, ఎగరకుండానే వెనక్కి పోయి, జామ కొమ్మ మీదుగా నడిచి కంకి దగ్గర ఆగింది. అరకంకి దాకా ఒలిచి తిన్నది.

తిన్నదని నిశ్చింతగా ఉండలేను, ఎందుకంటే ఒంట్లో బాగాలేని పిట్ట కూడా గింజలను కొరుకుతూ తింటున్నట్టు కనిపించవచ్చు. రేపు పొద్దున గింజలు పెట్టకముందే మళ్లీ తూస్తాను. 35 కంటే తగ్గితే, బడికి సెలవులే కాబట్టి, ఎండ ఎక్కకముందు తొలి బస్సుకే హైదరాబాదు తీసుకుపోదామని మా వారితో అన్నాను. ఆయన చిన్న పంజరాన్ని కడిగి డాబా మీద ఆరబెట్టి వచ్చారు.