సూది వేసే ముందు

కాలేయంలో గడ్డ ఉందన్న స్కానింగ్ రిపోర్టుతో జనగామ వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి, ఆపరేషన్ మాట ఎత్తగానే, "సూదితోని గుంజేయరాదుండ్రి సారూ, కోసుడెందుకు?" అని అడిగాడు. అతని బావమరిదికి కిందటేడు సూదితోనే నయమైంది మరి. అయితే బావమరిదికి వచ్చింది అమీబా గడ్డ, ఇతనికి ఉన్నది హైడాటిడ్ తిత్తి.

అమీబా అనే కంటికి కనిపించని ఏకకణ జీవి కలుషితమైన నీటితో, తిండితో పేగులోకి చేరి, అక్కడి నుంచి రక్తం ద్వారా కాలేయానికి పాకి, కణజాలాన్ని కరిగిస్తుంది. తాగుడు అలవాటున్న మగవారిలో ఈ గడ్డ ఎక్కువ. లోపలి చాక్లెట్ రంగు చీములో చాలావరకు ఉండేది చచ్చిన కాలేయ కణజాలమే. అమీబాలు గోడ అంచున ఉంటాయి. కనుకనే అమీబాను చంపే మెట్రోనిడజోల్ మందు 7 నుంచి 10 రోజులు వాడితే ఎక్కువమందికి సూది అవసరమే రాదు. మూడు నాలుగు రోజులైనా జ్వరం దిగకపోయినా, గడ్డ పగిలేలా ఉన్నా, ఎడమ భాగంలో ఉండి గుండె పొరలోకి పగిలే ప్రమాదం ఉన్నా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చీము లాగుతాం లేదా చీము కారిపోయేలా పిగ్‌టెయిల్ అనే సన్నని గొట్టం పెడతాం. పొట్ట కోయవలసిన పరిస్థితి ఇప్పుడు అరుదు. జ్వరం తగ్గాక పేగులో మిగిలిన అమీబాల కోసం ఇచ్చే డైలోక్సనైడ్ మాత్రలను మాత్రం చాలామంది మధ్యలోనే వదిలేస్తారు, అది నాకు కోపం తెప్పించే విషయం.

హైడాటిడ్ సంగతి వేరు. ఇది కుక్క పేగులో ఉండే చిన్న బద్దెపురుగు పిల్లదశ. తిత్తిలోని తేటనీటిలో ఆ పురుగు తలలు తేలుతూ ఉంటాయి. నీరు పొట్టలోకి కారితే ఒక్కొక్కటీ కొత్త తిత్తిగా ఎదగగలదు, పైగా ఆ నీటి ఎలర్జీతో రక్తపోటు పడిపోయి బల్లమీదే ప్రాణం పోవచ్చు. అందువల్ల సూది వేసేదైనా ముందే ఆల్బెండజోల్ అనే పురుగుల మందు మొదలుపెట్టి, కాలేయం గుండా సూది పోనిచ్చి, నీరు లాగి, అందులో పైత్యరసం లేదని తేల్చుకున్నాకే గాఢమైన ఉప్పునీరో ఆల్కహాలో ఎక్కించి, కాసేపు ఉంచి, తిరిగి లాగుతారు. 1980లలో వచ్చిన ఈ పద్ధతిని పెయిర్ అంటారు. పైత్యరసం కనిపిస్తే మందు ఎక్కించకూడదు, పైత్యనాళాలు మాడి మూసుకుపోతాయి. ఒకే గదిగా ఉన్న తిత్తికి ఇది బాగా పనిచేస్తుంది. సున్నం పట్టి గట్టిపడ్డ తిత్తిని ముట్టుకోకుండా స్కానింగులతో గమనిస్తే చాలు.

మా కాపరి తిత్తి నిండా పిల్ల తిత్తులే. సూదికి అవి లొంగవు. ఆపరేషన్‌లో కాలేయం చుట్టూ 20 శాతం ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచి, ముందు నీరు లాగి, ఆ తర్వాతే తిత్తి తెరిచాం. తాటిముంజెల్లా జారే తెల్లని పొరలు, గోళీలంత పిల్ల తిత్తులు ట్రే నిండా వచ్చాయి. అసలు శ్రమ ఆ తర్వాతే: ఖాళీ గోడను తెల్లని గుడ్డతో అద్ది, పచ్చని మరక పడ్డ చోటల్లా పైత్యనాళం తెరుచుకుని ఉందని గుర్తించి కుట్లు వేయాలి. ఒక్కటి తప్పినా, ఆపరేషన్ తర్వాత పొట్టలో ఉంచే గొట్టంలోంచి వారాల తరబడి పైత్యం కారుతుంది. చివరికి కొవ్వు పొరను ఆ గుంతలోకి దోపి మూసేశాం.

ఆ పురుగు మళ్లీ కుక్కలకు చేరకుండా, గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయవద్దనీ, లోతుగా పూడ్చాలనీ, మంద కుక్కలకు పశువుల ఆసుపత్రిలో బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇప్పించాలనీ చెప్పి పంపాను. కుక్కల మాత్రకు వెంటనే ఒప్పుకున్నాడు. తన ఆల్బెండజోల్, ఏటా స్కానింగ్ గురించి మాత్రం అతని భార్యతో ఇంకోసారి మాట్లాడవలసి వచ్చింది.