వాసనొచ్చే మందారం కోసం హవాయి దాకా

మందారానికి వాసన ఉండదని మనందరికీ తెలిసిందే కదా, దేవుడికి పెడతాం, ఆకు నూరి తలకి పెట్టుకుంటాం, అంతే తప్ప పువ్వు కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నవాళ్ళని నేనైతే చూడలేదు. అందుకే హవాయి కొండల్లో వాసనొచ్చే తెల్ల మందారాలు రెండు జాతులున్నాయని చదివిన దగ్గర్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. ఒకటి హోనోలులూ ఉన్న ఒవాహు దీవిది, శాస్త్రీయంగా హైబిస్కస్ ఆర్నోటియానస్. రెండోది కవాయి దీవిది, హైబిస్కస్ వైమియే. ఈ రెండూ కళ్ళతో చూడాలి, సారీ, ముక్కుతో చూడాలి, అదీ మా ట్రిప్ అసలు సంగతి. బీచ్ అదీ ఇదీ మా ఆయనకి చెప్పిన కారణం.

ఇంత పిచ్చేంటి అంటారేమో. హ్యూస్టన్‌లో మా పెరట్లో కొన్నేళ్ళుగా మందారాలు క్రాస్ చేస్తున్నా. మొదట్లో సరదాకే, ఒక పసుపు పువ్వు పుప్పొడి తీసి గులాబీ రంగు దాని మీద రాశా, కాయ కట్టింది, గింజలొచ్చాయి, మొలిచాయి, ఒకే కాయలోంచి వచ్చిన మొక్కలు ఒకటి నారింజ, ఒకటి వెలిసిపోయిన గులాబీ, ఒకటి మధ్యలో ఎర్ర కన్నుతో క్రీమ్ రంగు, ఏ రెండూ ఒకలా లేవు. మన ఇళ్ళల్లో ఉండే తోట మందారం అసలు అడవిలో ఎక్కడా దొరకదు, ఎన్నో దీవుల జాతులు కలిసి కలిసి తయారైన సంకరం, అందుకే గింజ వేస్తే తల్లిలా రాదు, ప్రతి గింజా ఒక కొత్త రకమే. కొత్త రకం పుట్టించడం నిజానికి తేలిక, పుట్టినదాంట్లో ఉంచుకోదగ్గది ఏదో తేల్చుకోవడమే కష్టం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టిపోయినప్పుడు నా మొక్కలు సగానికి పైగా పోయాయి, ఆ తర్వాత మళ్ళీ మొదలెట్టినప్పుడు ఈసారి రంగు కాదు, వాసన పట్టుకుందాం అని ఫిక్సయ్యా.

అమ్మ అప్పటికి రాజమండ్రి నుంచి వచ్చి మాతోనే ఉంది. అమ్మ పుట్టిల్లు కడియం పక్కనే, నర్సరీల మధ్యలో పెరిగిన మనిషి, నాటు మందారం మీద హైబ్రిడ్ కొమ్మ అంటు కట్టడం కుర్రాళ్ళు నిమిషాల్లో కట్టేసి కవర్లలో పెట్టేస్తుంటే చూస్తూ పెరిగింది. నేను వాసన మందారం అనగానే "మందారానికి వాసనేంటే, నీ మొహం, అంత డబ్బు పెట్టి వెళ్ళి ఆకులు వాసన చూస్తావా" అంది. కానీ సూట్‌కేస్ మాత్రం నాకన్నా ముందు సర్దేసింది.

హోనోలులూలో దిగగానే ఎక్కడ చూసినా ఎర్ర మందారాలే, హోటల్ కంచెలు, చొక్కాలు, కాఫీ కప్పులు, అద్దె కారు తాళం గొలుసు కూడా. తమాషా ఏంటంటే ఆ చొక్కాల మీది మందారం అక్కడిది కాదు, బయట్నుంచి తెచ్చుకున్నదే. హవాయి రాష్ట్ర పుష్పం 1988 నుంచి అక్కడి సొంత పసుపు మందారం, హైబిస్కస్ బ్రాకెన్‌రిడ్జీ, అదేమో అడవిలో అంతరించిపోయే దశలో ఉంది. అంతకుముందు 1923 నుంచీ ఏ రంగు మందారమైనా సరే అని ఉండేదిట.

మొదటిరోజు ఫోస్టర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాం. అక్కడ పెద్ద రావిచెట్టు ఉంది, శ్రీలంక అనురాధపురం బోధివృక్షం నుంచి వచ్చిన పిలక, బౌద్ధ ప్రచారకుడు అనగారిక ధర్మపాలకి ఎంతో సాయం చేసిన మేరీ ఫోస్టర్ అనే ఆవిడకి దక్కింది. అమ్మ చెప్పులు విప్పి ప్రదక్షిణలు మొదలెట్టేసింది, పక్కనున్న జపనీస్ టూరిస్టులు ఇదేదో పద్ధతనుకుని వాళ్ళూ వెనకాలే తిరిగారు. మా ఆయన వీడియో తీశాడు, అది మా ఫ్యామిలీ గ్రూపులో మందారాల కన్నా ఎక్కువ హిట్టయింది.

మర్నాడు పొద్దున్నే టాంటలస్ కొండ మీదకి, మనోవా క్లిఫ్ ట్రయల్. నగరం నుంచి కారులో కాసేపే, కానీ పైకి వెళ్ళేసరికి వేరే లోకం, సన్నగా జల్లు, కాళ్ళకింద బురద, అడ్డంగా వేళ్ళు. అమ్మ చుడీదార్ మీద స్నీకర్స్ వేసుకుని మా ఆయన చెయ్యి పట్టుకుని "బాబూ మెల్లగా బాబూ" అంటూ నడుస్తోంది, నేను ముందు. కొంత దూరం పోయాక అడవి పందులు రాకుండా కంచె వేసిన చోటు వస్తుంది, లోపల వాలంటీర్లు బయటి మొక్కలు పీకేసి అక్కడి సొంత చెట్లు పెంచుతుంటారు. అక్కడ కనపడింది. పొద కాదండీ, చెట్టు, తలెత్తి చూడాల్సిన చెట్టు. తెల్లటి అయిదు రెక్కలు, మన హైబ్రిడ్లలాగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండవు, విడివిడిగా సన్నగా ఉంటాయి, మధ్యలో పొడుగ్గా ఎర్రటి కాడ, దాని చుట్టూ కేసరాలు. ఒక కొమ్మ దారి మీదకి వంగి ఉంది. కొయ్యకూడదు కాబట్టి కొయ్యకుండానే మొహం దగ్గరికి పెట్టి చూశా. ఉంది! చాలా పల్చగా, చల్లగా, కొంచెం తియ్యగా, గట్టిగా పీలిస్తే పోతుంది, ఊరికే ఊపిరి తీసుకుంటే తెలుస్తుంది. అమ్మ కింద రాలిన పువ్వు ఒకటి తీసి చూసి "సంపంగి కాదు, జాజి కాదు, కానీ ఏదో ఉందే" అని ఒప్పుకుంది. ఆ తర్వాత వెనక్కొచ్చేదాకా ఆ పువ్వు చేతిలోనే ఉంది, గేటు దగ్గర నేను చెప్తే అక్కడే చెట్టు మొదట్లో పెట్టేసింది.

ఈ చెట్టు మనకి చుట్టమే, అది చెప్పాలి. 1900ల మొదట్లో హోనోలులూలో ఉన్నవాళ్ళకి ఒక పిచ్చి పట్టింది, ఈ తెల్లదాన్నీ, అక్కడి ఎర్ర కోకియో మందారాన్నీ, చైనా నుంచి వచ్చిన ఎర్రదాన్నీ, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన రెక్కలు చీలికలై కిందకి వేలాడే మందారాన్నీ ఒకదానితో ఒకటి కలిపేశారు. గెరిట్ వైల్డర్ అనే ఆయన అందులో పెద్ద చెయ్యి, ఆయన పేరుతో 'వైల్డర్స్ వైట్' అని ఆర్నోటియానస్ రకం ఒకటి ఇప్పటికీ అమ్ముతారు. 1913కల్లా అక్కడి వ్యవసాయ ప్రయోగ కేంద్రం అలంకరణ మందారాల మీదే ఒక బులెటిన్ వేసిందంటే చూడండి. ఇవాళ కడియంలో కవర్లో పెట్టి అమ్మే హైబ్రిడ్ మందారంలో కూడా ఆ తెల్ల చెట్టు రక్తం ఎంతో కొంత ఉండే ఉంటుంది, వాసన మాత్రం దారిలో ఎక్కడో పోయింది. పువ్వు సైజు, రంగు, రెక్కల ముడతలు, వీటి వెంటే పడ్డారు జనం, వాసన ఎవరూ అడగలేదు. పోటీల్లో నెగ్గే పళ్ళెమంత మందారాలు చూస్తే నాకు నచ్చదు, నిజం చెప్తున్నా, పువ్వు బరువుకి తొడిమ వాలిపోతుంది, సొంత వేళ్ళ మీద బతకలేక గట్టి మొక్క మీద అంటు కడితేగానీ నిలబడదు.

అక్కణ్ణుంచి కవాయి. అరగంట పైచిలుకు ఫ్లైటు, దిగగానే ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో కోళ్ళు. ఊరంతా కోళ్ళే, ఎవరివీ కావు, అమ్మకి దీవి మొత్తంలో అదే అన్నిటికన్నా నచ్చింది.

మేం దిగిన ఇంటి వెనక వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరయ్యాక ఇరవై ఏళ్ళుగా మందారాలు క్రాస్ చేస్తున్నాడు. అక్కడ కూడా మనలాగే పెద్దవాళ్ళందర్నీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, కాబట్టి నేను అంకుల్ అన్నా, ఆయన అమ్మని ఆంటీ అన్నాడు, అమ్మ "నాకన్నా పెద్దవాడు నన్ను ఆంటీ అంటాడేంటే" అని గొణిగింది. తొమ్మిదింటికి రమ్మన్నాడు. అప్పటికి పుప్పొడి విచ్చుకుంటుంది, ఎండ ముదిరితే కాయ నిలవదు అని. తండ్రి పువ్వుని తొడిమతో కోసి, రెక్కలన్నీ ఒక్క లాగుతో తీసేసి, కేసరాల కాడ ఒక్కటే మిగిల్చాడు. తల్లి పువ్వు దగ్గరికి వెళ్ళి, కాడ చివర అయిదు చిన్న ఎర్రటి వెల్వెట్ బొత్తాలుంటాయి కదా, ఒక్కోదాని మీద పసుపు పొడి కనపడేదాకా మెల్లగా ఆనించాడు. తల్లి పువ్వు సొంత పుప్పొడి అంటకూడదని దాని కేసరాలు పొద్దున్నే గీకేసి ఉంచాడు. తర్వాత తొడిమకి వదులుగా ట్యాగు, ముందు తల్లి పేరు, మధ్యలో ఇంటూ గుర్తు, తర్వాత తండ్రి పేరు. అంతే, రెండు నిమిషాలు. పువ్వు రాలాక కింద ఆకుపచ్చ బుడిపె ఉండిపోయి ఉబ్బితే కాయ నిలిచినట్టు, మొత్తం ఊడిపోతే పోయినట్టు. నిలిస్తే రెండు నెలల దాకా పడుతుంది ఎండటానికి, ఎండి పగిలితే గింజలు చెల్లాచెదురు, అందుకని ముందే గుడ్డ సంచి కట్టాలి. దీనికి నేను వాడేది మనవాళ్ళ ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్టులిచ్చే నెట్ సంచులు, ఒక డ్రాయర్ నిండా ఉన్నాయి, అంకుల్‌కి ఫోటో చూపిస్తే తెగ నవ్వాడు.

ఆయన పెరట్లో వైమియే మొక్క కూడా ఉంది, నర్సరీలో కొన్నది. పొద్దున మేం చూసినప్పుడు తెల్లగా ఉన్న పువ్వు మధ్యాహ్నం మూడింటికి టీకి పిలిస్తే వెళ్ళి చూసేసరికి గులాబీ రంగు తిరిగిపోయింది, ఆకు వెనకాల బూడిదరంగు నూగు, చేత్తో రాస్తే మెత్తగా ఉంటుంది. దీని వాసన ఒవాహు దానికన్నా నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. ఈ తెల్లవాటిని రంగు హైబ్రిడ్లతో కలిపితే మొదటి తరంలో వాసన దాదాపు పోతుందని అంకుల్ చెప్పాడు, నా పెరట్లోనూ అదే అయింది కాబట్టి నమ్మాను. ఆ పిల్లల్ని మళ్ళీ తెల్ల తల్లి వైపు కలపాలి, వచ్చినవాటిని పొద్దున ఎనిమిదింటికి ఒక్కొక్కటీ వాసన చూడాలి, మధ్యాహ్నం చూస్తే వాసన ఉన్నదీ లేదనిపిస్తుంది అన్నాడు. అలా ఆయన దగ్గర ఒకటుంది, చిన్న పువ్వు, లేత నిమ్మరంగు, చూడటానికి ఏం లేదు, పోటీలో పెడితే ఎవరూ చూడరు కూడా. వాసన ఉంది. నాకైతే ఆ తోటలో అదొక్కటే కావాలనిపించింది.

మిగతావన్నీ? కంపోస్టు గుంట చూపించాడు. మొదటి పువ్వు చూశాక మూడు నాలుగు సార్లు పూసేదాకా ఆగుతాడు, అప్పటికీ కొత్తదనం లేకపోతే, ఆకు పసుపైపోతుంటే, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతుంటే పీకేస్తాడు. అమ్మకి ఇది అస్సలు మింగుడుపడలేదు. "పూసే చెట్టుని పీకుతారా, మా వైపు అయితే రోడ్డు పక్కన పాతినా బతుకుతుంది, ఎవరో ఒకరు పూజకి కోసుకుంటారు" అంది. నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన తలూపి, మా ఆవిడ కూడా అదే అంటుంది, చూడండి అని వీధి వైపు చూపించాడు, ఇంటి ముందు కంచె మొత్తం పారేయాల్సిన మొక్కలే, ఎర్ర, నారింజ, వంగపండు, అన్నీ కలగాపులగంగా. అమ్మ అక్కడ పూలు కోసుకుని మర్నాడు వైలువాలో ఉన్న శైవ మఠానికి తీసుకెళ్ళింది. ఆ ఇరైవన్ గుడి రాళ్ళు మన బెంగళూరు దగ్గర చేత్తో చెక్కి పంపినవే, 2023లో కుంభాభిషేకం అయింది. దర్శనానికి ముందే బుక్ చేసుకోవాలి, మధ్యాహ్నానికి మూసేస్తారు.

ఆఖరున కోకే పార్కు. వైమియా లోయ పక్కనుంచి మెలికలు తిరుగుతూ రోడ్డు, అడవిలో వైమియే మందారం ఒక మలుపులో దూరంగా వాలులో కనపడింది, దగ్గరికి పోలేం, ఫోన్ జూమ్ చేసి చూడ్డమే. రోడ్డు చివర కలలావ్ లోయ, మబ్బు తెర తీస్తూ వేస్తూ ఉంది. ఆ కొండ గోడల మీదే మందారం చుట్టం ఒకటి, హైబిస్కడెల్ఫస్ వుడియై, అంటు కట్టి, వేరే జాతితో క్రాస్ చేసి బతికించాలని చూసినా కుదర్లేదు, 2016లో అంతరించిపోయిందని ప్రకటించేశారు, 2019లో డ్రోన్ ఎగరేస్తే ఎవరూ ఎక్కలేని చోట మళ్ళీ కనపడింది. ఆ కథ చెప్తుంటే మా ఆయన మొదటిసారి ఆసక్తిగా విన్నాడు, డ్రోన్ ఉంది కాబట్టి.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో చెకిన్ కంటే ముందే వ్యవసాయ శాఖ వాళ్ళు ప్రతి బ్యాగూ స్కాన్ చేస్తారు, మట్టి ఉన్న మొక్కలు కుదరవు, కాబట్టి ఎవరైనా వెళ్తే ఆశ పెట్టుకోకండి. నేనైతే ఇంటికొచ్చాక ఫ్లోరిడా నుంచి వైల్డర్స్ వైట్ తెప్పించుకున్నా. దాన్ని నా దగ్గరున్న చిన్న పసుపు రెక్క మందారంతో కలిపా, ముద్ద మందారాల జోలికి పోలేదు, వాటిలో కేసరాలు రెక్కలైపోయి పుప్పొడే సరిగ్గా ఉండదు. కాయలు నెట్ సంచుల్లో ఉన్నాయి. గింజ ఎండాక పెంకు మీద గోళ్ళ కట్టర్‌తో చిన్న గాటు పెట్టి రాత్రి నానబెట్టి వేస్తా, మొక్క పూయడానికి ఎలా లేదన్నా ఏడాది, ఆ పిల్లల్ని మళ్ళీ తెల్లదానితో కలిపితే ఇంకో రెండేళ్ళు.

అమ్మ మాత్రం పేరు గొడవ మొదలెట్టింది. కొత్త మందారం పేర్లు నమోదు చేసేది ఆస్ట్రేలియన్ హైబిస్కస్ సొసైటీ, ఇంతకుముందు ఎవరైనా వాడేసిన పేరైతే ఒప్పుకోరు. అమ్మ తన పేరు పెట్టమంది, తన పేరు లక్ష్మి, అది ఖాళీగా ఉంటుందని నాకు నమ్మకం లేదు. "అయితే కడియం అని పెట్టు, అదెవరూ వాడి ఉండరు" అంది ఇండియా ఫ్లైటెక్కే ముందు.