మా యాసల తిట్లతోని సెన్సార్ దాటుడు: నా అనుభవం

దేవరకొండ, డిండి పొంట తీసిన సినిమాకు సెన్సార్ పని నేనే చూసిన. కల్లు కాంపౌండ్‌ల కొట్లాట, జాతర, దొర గడీ ఉన్న కథ. తిట్లు లేకుంట ఆ మనుషులు మాట్లాడరు. మాకు కావాల్సింది యూఏ 16+ సర్టిఫికెట్, అంటె 16 ఏండ్ల లోపు పిల్లలకు చూపాల్నా వద్దా తల్లిదండ్రులే తేల్చుకునేది. పెద్దలకు మాత్రమే అనే ‘ఏ’ వస్తె 18 ఏండ్ల లోపు పిల్లలను థియేటర్ లోపలికి రానియ్యొద్దు. సినిమాను మార్చి మళ్ల సర్టిఫికెట్ తెచ్చుకుంటె తప్ప టీవీల వెయ్యరు. మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌ల ఇంటిల్లిపాది వస్తెనే చిన్న సినిమాకు పెట్టుబడి తిరిగొస్తది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టంతోని యూఏ మూడైంది: 7+, 13+, 16+. ఈ అంకెలు తల్లిదండ్రులకు సూచన. మామూలు సినిమాలల్ల గేటు కాడ ఆపేది ‘ఏ’ ఒక్కటే.

మొదలు సెన్సార్ స్క్రిప్ట్ తయారుచెయ్యాలె. షూటింగ్‌కు రాసుకున్నది పనికిరాదు. ఫైనల్ కట్‌ల వినబడే ప్రతి మాట, పాటలతో సహా, గుంపుల ఎవడో ఒర్రిన బూతు గూడ ఎక్కాలె. అది రాసేటప్పుడే తిట్లకు టైమ్‌కోడ్‌తోని (సినిమాల ఏ క్షణం వస్తదో చూపే అంకె) వేరే పట్టిక వేసినం: ఎవరు ఎవరిని అన్నరు, కోపమా చనువా, ముఖం దగ్గరి షాటా కాదా. అమెరికాల గట్టి బూతు ఒకటి దాటితె మామూలుగ పీజీ-13 రేటింగ్ పోయి దానికన్న గట్టిదైన ‘ఆర్’ పడతది. మన కాడ అట్ల లెక్క లేదు. సెన్సార్‌కు పెట్టిన 1991 మార్గదర్శకాలు సందర్భాన్ని, మొత్తం సినిమా ప్రభావాన్ని చూడుమంటయి. దోస్తులు ‘నీ యవ్వ’ అనుకునుడు వేరు, ఆడమనిషిని కించపరిచే తిట్టు వేరు. కులం పేరుతోని తిట్టుడు, పిల్లల నోట బూతు, రెండర్థాల మాట, వీటి కాడనే పేచీ. దొర నోట కులం పేరు తీసేసి, జీతగాడు అరుగు కింద నిలబడ్డ షాట్ ఉంచినం. అవమానం తగ్గలేదు.

అసలు పని సౌండ్ కాడ ఉంటది. మాటలు, సంగీతం, ఎఫెక్ట్స్ వేర్వేరు ట్రాకులుగ దాచుకోవాలె. కలిపిన మిక్స్ ఒక్కటే ఉంటె, మ్యూట్ చేసిన కాడ డప్పు, ట్రాక్టర్ చప్పుడు, గాలి అన్నీ ఆగిపోతయి. ఏదో తీసేసిన్రని హాలు మొత్తానికి తెలుస్తది. అయినా పెదవులు కనబడితె మ్యూట్ చేసి లాభం లేదు, జనం చూసి చదువుకుంటరు. అందుకే గట్టి తిట్లకు రెండో మాట గూడ ఆర్టిస్ట్ స్టూడియోల ఉన్నప్పుడే చెప్పించినం. ప, బ, మ పలికితె పెదవులు మూసుకుంటయి గనుక మార్చే మాటల అదే చోట అవే రావాలె. ‘ముండ’ ఉన్న కాడ ‘మొండి’ కూసుంటది. ‘బాడ్కావ్’ ఉన్న కాడ ‘లత్కోర్’ పెడితె పెదవి పట్టిస్తది. కుదరని కాడ వినేటోని ముఖం మీదికి కట్ చేసినం. ఆ షాట్ సరిగ్గ అన్నే ఫ్రేములు ఉండాలె. సెకన్‌కు 24 ఫ్రేములు, రెండు తేడా వచ్చినా అక్కడ్నుంచి సింక్, అంటె బొమ్మకు మాటకు పొంతన, జారుతది.

జాతరల మేకపోతు, ఎడ్లబండి ఉంటె జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలె. బీడీ సీన్లల్ల అడుగున హెచ్చరిక అక్షరాలు, సినిమా మొదట్ల, మధ్యల 30 సెకన్ల పొగాకు ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక ఉండాలె. కల్లు తాగుడు ఉండొచ్చు, గొప్పజేసి చూపొద్దు.

దరఖాస్తు సెన్సార్ బోర్డు ఆన్‌లైన్ పోర్టల్ ఈ-సినీప్రమాణ్‌ల పెట్టాలె. హైదరాబాద్‌ల పరిశీలన కమిటీ చూసేటప్పుడు మనం బయటనే. అయిపోయినంక లోపలికి పిలుస్తరు. మన పట్టిక అప్పుడు అక్కరకొస్తది. ‘మా యాస అంతే’ అంటె చాలదు, ఈ మాట తీస్తె సీన్‌ల ఏం పోతదో చెప్పాలె. ఏవి వదులుకోవాలె, ఏవి పట్టుబట్టాలె ముందుగాల్నే తేల్చుకొని పోవాలె. కోతలు సరిజేసి అప్పజెప్తె, సరిచూసి సర్టిఫికెట్ ఇస్తరు. ఇదివరకు పదేండ్లకే చెల్లేది, ఇప్పుడు గడువు లేదు. మనం ఆ కోతలకు ఒప్పుకోకపోతె సినిమాను మళ్ల చూసే రివైజింగ్ కమిటీ ఉంటది. అప్పీల్ ట్రిబ్యునల్ 2021ల రద్దయింది, ఆ మీద హైకోర్టే. రిలీజ్ దగ్గరపడ్డ చిన్న నిర్మాతకు అది అందేది కాదు, నాకు మాత్రం అన్యాయమనిపిస్తది.

ఆఖరి డీసీపీకి (థియేటర్లకు పంపే డిజిటల్ కాపీ) ముందు సబ్‌టైటిల్స్ చూడాలె. మాట మ్యూట్ అయినా అడుగున తిట్టు అట్లనే ఉండిపోతది. హాల్ల వేసే ట్రైలర్‌కు సర్టిఫికెట్ వేరే. కొయ్యని మిక్స్ ఓటీటీ కోసం పక్కకు పెట్టినం. అక్కడ 2021 ఐటీ నిబంధనల కింద వయసు వర్గం ఆ సంస్థనే పెట్టుకుంటది. రెండు మిక్స్‌లు కలవకుంట ఫైల్ పేరు మీదనే తేడా రాసిపెట్టాలె. సర్టిఫికెట్ వచ్చినంక తీసేసిన మాట థియేటర్ కాపీల మళ్ల కలిపితె నేరం.