కొండ మీద ఫోకస్ పంచాయితీ

ఎక్కేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, ఆయాసంతోనే సరిపోయింది. పైకెళ్లి ట్రైపాడ్లు నిలబెట్టాక మొదలైంది అసలు గొడవ.

రెండు మీటర్ల దూరంలో ఒక బండ. దాని మీద గోరంత గోరంత నారింజరంగు పాచిమచ్చలు, పగుళ్లలో సన్నటి గడ్డి. వెనక లోయ, అవతల వరసగా కొండలు. అన్నీ షార్ప్‌గా రావాలి. మరి ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

మాలో కుర్రాడు ఫోన్ తీసి లెక్క చెప్పేశాడు. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్) కెమెరా, 24 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్/8 అయితే హైపర్‌ఫోకల్ దూరం, అంటే అనంతం దాకా షార్ప్‌గా ఉంచుతూనే వీలైనంత దగ్గరివీ కలిసొచ్చే ఫోకస్ దూరం, సుమారు 2.4 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా ఢోకా లేదన్నాడు.

"యాప్ లెక్క చిన్న ప్రింటుకే బాబూ" అన్నారు మాస్టారు. ఆయన పాత లెన్స్ మీది ఎఫ్/8 గీతలు (ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా షార్ప్‌గా వస్తుందో చూపేవి) చూసి ఫోకస్ పెడతారు, అపర్చర్ మాత్రం రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్/16 పెడతారు.

"అంత చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి, ఆ డిఫ్రాక్షన్‌తో ఫొటో అంతా మెత్తబడదా సార్?"

"దాన్ని షార్పెనింగ్‌తో కొంత సర్దుకోవచ్చు. తప్పిన ఫోకస్‌ని ఏం చేస్తావు?"

యాప్ లెక్క విషయంలో నా ఓటు మాస్టారికే. సెన్సర్ మీద ఎంత మసక దాకా షార్ప్ అనుకోవచ్చో చెప్పేందుకు యాప్‌లో ఉండే 0.03 మిల్లీమీటర్ల కొలత, పది అంగుళాల ప్రింటుని పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తారన్న లెక్క మీద పుట్టింది. గోడంత ప్రింటు దగ్గర ముక్కు ఆనించేవాళ్లకి అది చాలదు. (మనలో చాలామంది ప్రింటే వేయం, మానిటర్‌లో నూరు శాతానికి పెంచుకుని బాధపడతాం, అది వేరే సంగతి.) ఇంకొకావిడ డెప్త్ ప్రివ్యూ బటన్ (ఫొటో తీసే అపర్చర్‌కి ముందే మూసి చూపించేది) నొక్కి చూశారు. ఆ మసక వెలుగులో వ్యూఫైండర్ ఇంకా చీకటైపోయి, ఏమీ తేలలేదు.

నేను మూడో దారి పట్టి అనంతానికే ఫోకస్ పెట్టాను. అలా పెడితే, ఎంత దగ్గరి వస్తువైనా అపర్చర్ రంధ్రం వ్యాసం మేరకే మసకబారుతుంది. 24 ఎంఎం లెన్స్‌కి ఎఫ్/8లో ఆ వ్యాసం, ఇరవై నాలుగుని ఎనిమిదితో భాగిస్తే, 3 మిల్లీమీటర్లు; అంతకన్నా సన్నవే అలుక్కుపోతాయి.

రాత్రి లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూశాం. నా ఫొటోలో దూరపు చెట్లు విడివిడిగా తెలుస్తున్నాయి, పాచిమచ్చలు ఫర్వాలేదు, గడ్డిపరకలు మాత్రం అలుక్కుపోయాయి. కుర్రాడిది సరిగ్గా తిరగబడింది. మాస్టారికి రెండూ బాగానే వచ్చాయి కానీ, ఎఫ్/16లో ఎక్స్‌పోజర్ నాలుగింతలు కావడంతో గాలికి గడ్డి ఊగిపోయింది.

ఈసారి గడ్డికొకటి, కొండలకొకటి తీసి కలుపుతానన్నాను. మాస్టారు దాన్ని ఫొటో అనరట.