మధ్యమం నుంచి పంచమానికి: నా 22 వారాల బ్లూస్ గిటారు

నా సాధన పుస్తకంలో ఏడో వారం పేజీలో ఒకే వాక్యం ఉంది: "మూడో తీగ, ఏడో ఫ్రెట్. చేరడం లేదు." ఫ్రెట్ అంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత. ఆ వారం ఇంకేమీ రాయలేదు. రాయడానికి ఇంకేమీ లేదు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాయడం నా ఉద్యోగం. పద్దు రాయడం అలవాటైన చేయి కాబట్టి, గిటారు పట్టిన రోజే ఒక పాత లెక్కల పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం రాత్రి ఆ వారం ఏం వాయించానో, నిమిషానికి ఇన్ని దెబ్బలని కొట్టే మెట్రోనోమ్ ఎంత వేగం మీద ఉందో, ఏది కుదరలేదో నాలుగైదు వాక్యాలు రాస్తాను. ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేస్తాను. మొదలుపెట్టింది దీపావళి తర్వాతి ఆదివారం. యార్డుకు సరుకు పెద్దగా రాని కాలం. సాయంత్రాలు నావిగా ఉండేవి.

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతి వాళ్ల పాట. దాని మీదికి నన్ను లాగింది గిటారిస్టు బి.బి. కింగ్. 1925లో మిసిసిపీలో పుట్టి, చిన్నప్పుడు పత్తి చేలలో పనిచేసి, 2015లో కన్నుమూసే దాకా ప్రపంచమంతా తిరిగి వాయించినవాడు. ఆయన ఒక స్వరం మీటి, దాన్ని వేలి కింద వణికించి, ఆగిపోతాడు. ఆ ఆగిన చోట ఉన్నది కూడా పాటేనని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఆ సంగీతం పుట్టిన నేల గురించి చదివాను. మిసిసిపీ డెల్టా అంటే మన కృష్ణా డెల్టాలాగా నది సముద్రంలో కలిసే చోటు కాదు. మిసిసిపీ, యాజూ నదుల నడుమ ఉన్న ఒండ్రు నేల అది. అక్కడి నల్లజాతి కౌలు రైతులు విత్తనం దగ్గర నుంచి తిండి గింజల దాకా భూస్వామి దగ్గర అరువు తెచ్చుకునేవారు. పత్తి తీశాక లెక్క చూసేవారు. ఆ లెక్కలో చాలామందికి మిగిలింది అప్పే. పంట లెక్కలు రాసే నాకు ఇది చదివి పక్కన పెట్టగలిగిన విషయం కాదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకం అయ్యాక చిట్టీ చేత్తో పట్టుకుని, అందులోని అంకెలను రెండోసారి, మూడోసారి చదువుకునే రైతు ముఖం నేను రోజూ చూస్తాను.

మొదటి మూడు వారాలు మేనల్లుడి దగ్గర తెచ్చుకున్న మామూలు గిటారు మీద ఏ7, డీ7, ఈ7 అనే మూడు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగే పట్లు, పట్టడంతోనే గడిచాయి. వాటి గురించి చెప్పేదేమీ లేదు, ఎవరికైనా అంత సమయం పడుతుంది. చెప్పవలసింది వేళ్ల గురించి. లావు తీగలు నొక్కి నొక్కి ఎడమ చేతి వేళ్ల కొసల్లో చర్మం లేచిపోయింది. మరుసటి రోజు కొట్టులో తేజ రకం శాంపిల్ వస్తే, అలవాటుగా ఒక కాయ తీసి విరిచి, గింజ చూశాను. ఎడమ చేత్తో. ఆ మంట రాత్రి దాకా తగ్గలేదు. నీళ్లతో ఎంత కడిగినా పోలేదు. మా అమ్మ కొబ్బరి నూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్లీ నూనె రాసింది. కారం నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఆ రోజు నుంచి శాంపిల్ చూడటం కుడి చేతికి అప్పగించాను. నాలుగో వారం చివరికి కొసలు కాయలు కాచాయి. ఇప్పుడు ఆ వేళ్లతో కాగితం తిప్పితే స్పర్శ తెలియదు, తీగ మాత్రం తెలుస్తుంది.

బ్లూస్‌లో ఒక చుట్టు అంటే పన్నెండు బార్లు, బారుకు నాలుగు దెబ్బలు. ‘ఏ’ కార్డు మీద నాలుగు బార్లు, ‘డీ’ మీద రెండు, మళ్లీ ‘ఏ’ మీద రెండు, ఆ తర్వాత ‘ఈ’ ఒకటి, ‘డీ’ ఒకటి, ‘ఏ’ ఒకటి, చివరిది ‘ఈ’. కాగితం మీద ఇంతే. చేతిలోకి వచ్చేసరికి ఎనిమిదో బారు దాటగానే ఎక్కడ ఉన్నానో తప్పిపోయేవాణ్ణి. వేళ్ల మీద లెక్కపెడదామంటే వేళ్లు తీగల మీద ఉన్నాయి.

మా ఇల్లు బ్రాడీపేటలో. కింది వాటాలో ఒక రిటైరైన వయొలిన్ మాస్టారు ఉంటారు. మూడు వారాలు పైనుంచి వచ్చే చప్పుడు ఓపిగ్గా విని, ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చారు. ఫిర్యాదు చేస్తారనుకుని లేచి నిలబడ్డాను. ఆయన కుర్చీలో కూర్చుని, "ఇంకోసారి వాయించు బాబూ" అన్నారు. వాయిస్తుంటే తొడ మీద తాళం వేస్తూ విన్నారు. ఆఖరికి, "నలభై ఎనిమిది దెబ్బలు. ఆరు ఆవర్తనాల ఆది తాళం. పన్నెండు ఎందుకు లెక్కపెడతావు, ఆరు పెట్టు" అన్నారు.

ఆవర్తనం అంటే తాళం ఒకసారి పూర్తవడం; ఆది తాళంలో అది ఎనిమిది దెబ్బలు, అంటే రెండు బార్లు. మాస్టారి మాటతో నాకు చుట్టు మొత్తం కళ్ల ముందు పరుచుకుంది. మొదటి రెండు ఆవర్తనాలు ‘ఏ’ మీద. మూడోది ‘డీ’. నాలుగోది మళ్లీ ‘ఏ’. అయిదోది చెరిసగం ‘ఈ’, ‘డీ’. ఆరోది చెరిసగం ‘ఏ’, ‘ఈ’. తాళం వేయడం నాకు చిన్నప్పుడు భజనల్లో వచ్చిన అలవాటు. గిటారు పట్టుకున్నప్పుడు కుడి పాదం ఆ పని చేస్తుంది. ఆ వారం తర్వాత నేను ఒక్కసారి కూడా చుట్టులో దారి తప్పలేదు.

షఫుల్ అనే నడక కూడా ఆయన దగ్గరే తేలింది. బ్లూస్ నడక రెండు సమాన ముక్కలు కాదు, ఒక్కో దెబ్బలో మూడు భాగాలుంటాయి. పాఠాల్లో దాన్ని ఎన్ని రకాలుగా చెప్పినా నా చేయి "తక తక" అనే వాయించేది. మాస్టారు "తిశ్ర నడక, త–కి–ట. కి మీద ఆగు, మీటకు" అన్నారు. త మీద ఒక మీటు, ట మీద ఒక మీటు. అయిదో తీగ వట్టిగా వదిలి, నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్‌ను చూపుడు వేలితో, నాలుగో ఫ్రెట్‌ను ఉంగరం వేలితో మార్చి మార్చి నొక్కుతూ, నోటితో తకిట అనుకుంటూ 60 వేగంలో ఒక వారమంతా అదే. కుడి అరచేతి అంచు తీగల మొదట్లో ఆనించి ఉంచితే ధ్వని పొట్టిగా, బరువుగా వస్తుంది. అయిదో వారం రికార్డింగు ఇప్పుడు విన్నా నాకు ఇష్టం. అందులో ఆ మూడు స్వరాలు తప్ప ఏమీ లేదు, కానీ నడక ఉంది.

ఆరో వారానికి విజయవాడ వెళ్లి పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి, చిన్న ఆంప్లిఫయర్ ఒకటి కొనుక్కున్నాను. మామూలు గిటారు లావు తీగల మీద బెండింగ్, అంటే తీగను వేలితో నెట్టి స్వరం పెంచడం, నేర్చుకోవడం నా వేళ్లకు సాధ్యం కాలేదు. కొత్తగా నేర్చుకునేవారికి నా మాట ఇది: ఈ సంగీతమే కావాలనుకుంటే సన్నని తీగలున్న ఎలక్ట్రిక్ గిటారుకే డబ్బు దాచుకోండి. నా దానికి మొదటి తీగ అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతుల మందం, అంటే దుకాణాల్లో "తొమ్మిది" అని అడిగే సెట్టు.

బ్లూస్ సోలోకు మొదట నేర్పేది మైనర్ పెంటాటోనిక్ అనే అయిదు స్వరాల వరుస. అయిదో ఫ్రెట్ దగ్గర చేయి పెట్టి పైకి కిందికి వాయిస్తుంటే, కింది నుంచి మాస్టారు గొంతు వినబడింది. సగమగ, మపనిస అంటూ నాకంటే ముందే వెళ్లిపోతున్నారు. "ఇది శుద్ధ ధన్యాసి రాగం కదా" అన్నారు పైకి వచ్చి. నిజమే, స్వరాలు అవే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. బ్లూస్‌వాళ్లు దానికి అప్పుడప్పుడు ప్రతిమధ్యమాన్ని కూడా కలుపుతారు, దాటిపోయే స్వరంగా. పేరు తెలిసినంత మాత్రాన వాయించడం వచ్చేయదు. కానీ చెవికి తెలిసిన ఊరైంది.

ఇక ఏడో వారం. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్‌లో ఉన్నది ‘డీ’, ‘ఏ’ను షడ్జమం అనుకుంటే మధ్యమం. ఆ తీగను వేలితో పైకి నెట్టి, రెండు ఫ్రెట్ల అవతల ఉండే ‘ఈ’ స్వరానికి, అంటే పంచమానికి తీసుకెళ్లాలి. ఉంగరం వేలు తీగ మీద, దాని వెనక మధ్య వేలు, చూపుడు వేలు దన్నుగా, బొటన వేలు మెడ పైనుంచి పట్టు. వేలు ఒక్కటే నెడితే కుదరదు. తాళం చెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి. ఇదంతా చేశాను. వాయిస్తున్నప్పుడు బాగానే ఉందనిపించింది. ఆదివారం రికార్డింగు విన్నాను. ప్రతిసారీ పంచమానికి కాస్త కింద, ఏ స్వరమూ కాని చోట తీగ ఆగిపోయింది. ఇరవై సార్లు లాగితే ఇరవై సార్లూ అంతే. ఫోనులో శ్రుతి చూపించే యాప్ పెట్టుకుని ముల్లు చూస్తూ లాగితే చేరేది. ముల్లు చూడకపోతే మళ్లీ కిందే.

ఎనిమిదో వారం మంగళవారం మాస్టారికి వినిపించాను. ఆయన గిటారు వైపు చూడనే లేదు. "మ పాడు" అన్నారు. పాడాను. "ప పాడు." పాడాను. "ఇప్పుడు మ నుంచి ప దాకా గొంతు ఎక్కడా తెగకుండా వెళ్లు." నా గొంతు సరిగ్గా గిటారు ఆగిన చోటే ఆగింది.

"చూశావా బాబూ, వేలిది తప్పు కాదు. చెవి ఇంకా అక్కడికి వెళ్లలేదు. నా వయొలిన్‌కు ఫ్రెట్లే లేవు, నాకు దారి చూపించేది చెవే. ముందు చెవి వెళ్లి కూర్చోవాలి, వేలు దాని దగ్గరికి వస్తుంది."

ఆ వారం రోజూ గిటారు ముట్టుకునే ముందు పది నిమిషాలు పాడాను. తొమ్మిదో ఫ్రెట్ మీద పంచమం మీటి వినడం, అది చెవిలో ఉండగానే పాడటం, అప్పుడు ఏడో ఫ్రెట్‌కు వచ్చి లాగడం. శుక్రవారం రాత్రి, కళ్లు మూసుకుని లాగిన తీగ ఎక్కడికో వెళ్లి ఒదిగినట్టు ఆగింది. తొమ్మిదో ఫ్రెట్ మీటి సరిచూశాను. రెండూ ఒకటే. మా అమ్మ వంటింట్లో నుంచి, "ఇప్పుడు బాగుందిరా" అంది. ఆమెకు నేను ఏం సాధన చేస్తున్నానో ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద నిషాదం నుంచి షడ్జమానికి లాగడం రెండు రోజుల్లో వచ్చింది. అదే దారి కాబట్టి. మాస్టారికి బి.బి. కింగ్ వినిపిస్తే, "సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ నిలబడుతున్నాడే ఈయన, ఎంత ధైర్యం!" అని మూడుసార్లు పెట్టించుకుని విన్నారు. రెండు గాంధారాల్లో సాధారణం తక్కువది, అంతరం ఎక్కువది. కింద మోగే కార్డులో అంతర గాంధారం ఉంటుంది, పైన తీగ మీద సాధారణ గాంధారం ఉంటుంది. ఆ రెండింటి మధ్య రవ్వంత లాగడంలోనే ఆ దుఃఖమంతా ఉంది. 1903 ప్రాంతంలో టట్‌విలర్ అనే రైల్వే స్టేషన్‌లో ఒక నల్లజాతి మనిషి గిటారు తీగల మీద కత్తిని జార్చి వాయించడం విన్నానని బ్లూస్ సంగీతకారుడు డబ్ల్యూ.సి. హ్యాండీ రాసుకున్నాడు. ఆ సంగతి చెబితే మాస్టారు వెంటనే, "గోటువాద్యం" అన్నారు. తీగల మీద కొయ్య ముక్కను జార్చి వాయించే మన వాద్యం అది. ఫ్రెట్ల మధ్య ఖాళీలోనే తమ మాట ఉందని ఆ మనుషులకు తెలుసు.

ఫిబ్రవరి నుంచి యార్డు నిండిపోయింది. ఇంటికి చేరేసరికి రాత్రి పది. పదమూడో వారం ఆదివారం ఒక్క రోజే మూడు గంటలు కూర్చున్నాను. పద్నాలుగో వారం పేజీ ఖాళీ. పదిహేనో వారం రికార్డింగులో షఫుల్ వేగం 84 నుంచి 76కు పడిపోయింది. పుస్తకం రాసుకోకపోతే ఆ సంగతి నాకు తెలిసేది కాదు, చేయి బాగోలేదని మాత్రం అనుకునేవాణ్ణి. అప్పటి నుంచి ఆంప్లిఫయర్ పెట్టకుండా, మంచం మీద కూర్చుని, రోజూ పదిహేను నిమిషాలు. వారానికి ఒకే పని. ఒక వారం రెండు బెండ్లు, ఒక వారం లాగిన తీగను వణికించడం, ఒక వారం ఆరో ఆవర్తనంలో చుట్టును మళ్లీ మొదటికి తిప్పే నాలుగు స్వరాలు. పద్దెనిమిదో వారానికి 84 తిరిగి వచ్చింది.

బ్లూస్ పాటలో ఒక పాదాన్ని రెండుసార్లు పాడి, మూడో పాదంతో దానికి జవాబు చెబుతారు. ప్రతి పాదానికీ రెండు ఆవర్తనాలు. మొదటిది గొంతుది, రెండోది గిటారుది. ఇరవై ఒకటో వారంలో, కొట్టులో చిట్టీలు రాస్తుండగా ఒక పాదం తట్టింది. చిట్టీ వెనకే రాసుకున్నాను.

తెల్లారకముందే బండెక్కింది నా పంట
తెల్లారకముందే బండెక్కింది నా పంట
చీకటి పడ్డాక చిట్టీ ఒక్కటే వచ్చింది నా వెంట

ఇరవై రెండో వారం ఆదివారం కింది వాటాలో, మాస్టారి ముందు, మొదటిసారి పాడుతూ వాయించాను. పాదం పాడి, ఊపిరి తీసుకునే లోపల గిటారుతో బదులు పలికించడం ఎంత కష్టమో అంతకు ముందు నాకు తెలియదు. రెండో పాదం దగ్గర గొంతు వణికింది. ఆపలేదు. ఆరో ఆవర్తనం అయ్యాక చేయి తీశాను.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చేయి ఇంకా తొడ మీద తాళం వేస్తూనే ఉంది. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, "నాలుగో ఆవర్తనంలో పంచమం కాస్త తగ్గింది బాబూ" అన్నారు.

పైకి వచ్చి రికార్డింగు విన్నాను. తగ్గింది. పుస్తకం తీసి ఇరవై మూడో వారం పేజీ మీద రాశాను: "నాలుగో ఆవర్తనం. పంచమం."