ఆపరేషన్‌కు ముందు మాట్లాడుకోవాల్సినవి

ఈ రోజంతా ఆపరేషన్‌కు ముందు కౌన్సెలింగ్‌తోనే సరిపోయింది. సర్జన్ దగ్గర పది నిమిషాల్లో తేలిపోయే సంగతికి ఇక్కడ గంట పడుతుంది, పట్టాలి కూడా. చిన్నతనంలో ఎఫ్‌జీఎంకు, అంటే ఆడపిల్లల జననాంగాలను కోసేసే ఆచారానికి గురైన స్త్రీకి, దాన్ని సరిచేసే ఈ ఆపరేషన్ అంటే అదే చోట మళ్లీ కత్తి. ఆమె తన ఇష్టంతోనే వచ్చింది, సంతకమూ పెట్టింది. కానీ శరీరం ఆ సంతకాన్ని చదువుకోలేదు కదా.

"అప్పుడు ఏం జరిగింది?" అని మొదలుపెట్టడం మంచిది కాదు. "ఈ ఆపరేషన్‌తో మీకు ఏం మారాలి?" అన్నదే మొదటి ప్రశ్న. ఫ్రాన్స్‌లో డాక్టర్ పియర్ ఫోల్డెస్ బృందం 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో, ఎఫ్‌జీఎంలో కోసేసిన క్లిటోరిస్ (యోనిశీర్షం) పునర్నిర్మాణం చేయించుకున్న 2,938 మంది వివరాలు ప్రచురించింది. వాళ్లలో దాదాపు అందరూ కోరుకున్నది తమ అస్తిత్వం తమకు తిరిగి రావాలని. నొప్పి తగ్గాలన్నవాళ్లు 29 శాతం. ఏడాది తర్వాత పరీక్షకు వచ్చినవాళ్లు 866 మందే. అందుకే ఎవరికీ ఫలితం మీద హామీ ఇవ్వకూడదు. అస్తిత్వం కోసం వచ్చినామెకు కుట్లు మానాక కూడా మాట్లాడే మనిషి కావాలి. మాటలతోనే తెరిపిన పడి, ఆపరేషన్ వద్దనుకునేవాళ్లూ ఉంటారు. అదీ మంచి ఫలితమే.

ఎఫ్‌జీఎంలో కుట్టి మూసిన భాగాన్ని తెరిచే ఆపరేషన్ అయితే, మూత్రం గురించి ముందే విడమరిచి చెప్పాలి. ఇన్నేళ్లూ చుక్కచుక్కగా, చాలాసేపు వచ్చింది. ఇక మీదట ధారగా, చప్పుడుతో వస్తుంది. చప్పుడు లేకపోవడమే ఆడతనమని నేర్పిన ఇళ్ల నుంచి వచ్చినామె ఆ శబ్దానికి హడలిపోతుంది, సిగ్గుతో కుంచించుకుపోతుంది. నెలసరి రక్తం కూడా ఒక్కసారిగా వస్తుంది. ఆ చోటు కొన్నాళ్లు తడిగా, బోసిగా అనిపిస్తుంది. ఆ చోటు రూపు కూడా మారుతుంది కాబట్టి ముందుగా బొమ్మ గీసి చూపించాలి. అద్దం ఆమె అడిగితేనే ఇవ్వాలి. తెరిచింది మళ్లీ కుట్టబోమని కూడా అప్పుడే చెప్పేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే 2003 చట్టం ప్రకారం అలా కుట్టడం నేరం.

మత్తు విషయంలో తొందరపడకూడదు. ఆ చోట మాత్రమే మత్తు ఇస్తే వైద్యపరంగా సరిపోవచ్చు. కానీ మెలకువలో ఉండి చేతుల తాకిడి, లాగుడు తెలుస్తుంటే ఫ్లాష్‌బ్యాక్ రావచ్చు, అంటే పాత ఘటన మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించవచ్చు. అలాగని పూర్తి మత్తే మేలని కూడా అనలేం. ముఖానికి గుడ్డ కప్పి అదిమిపట్టిన జ్ఞాపకం ఉన్నామెకు మాస్కే భయం. రెండూ వివరించి, ఏది కావాలో ఆమెనే అడగాలి. టేబుల్ మీద కాళ్లు ఎవరూ పట్టి ఎత్తకూడదు, ఆమె తానే స్టాండ్ల మీద పెట్టుకోవాలి. చెయ్యెత్తితే ఆపేస్తామని మాట ఇస్తే నిజంగానే ఆపాలి. తల పక్కన నిలబడి మాట్లాడే మనిషి ఒకరు కావాలి. ఆమె బిగుసుకుపోతే భుజం పట్టి కుదపకూడదు. పేరు పెట్టి పిలిచి, ఈ రోజు తేదీ, తను ఉన్న చోటు చెప్పి, అరికాళ్లు అదిమిపెట్టమనాలి. "ఏం కాదులే" అన్న మాట ఎవరికీ పనికిరాదు.

పునర్నిర్మాణం తర్వాత బయటపడ్డ కణజాలం వారాల తరబడి పచ్చిగా ఉంటుంది. పాత గాయం చోటే నొప్పి కాబట్టి పీడకలలు తిరగబెట్టవచ్చు. ఇది ముందే తెలియకపోతే ఆపరేషన్ చెడిపోయిందని ఆమె బెంబేలెత్తుతుంది. నొప్పి మాత్రలు నొప్పి ముదిరాక కాకుండా, చెప్పిన వేళకే వేసుకోవాలి. ఇంటికి వెళ్లిన మొదటి రోజుల్లోనే ఫోన్ చేసి నిద్ర ఎలా పడుతోందో అడగాలి. కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలని మానసిక బాధ) లక్షణాలుంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స) ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. శస్త్రచికిత్స చేయించుకునేవాళ్లకు మానసిక తోడ్పాటు అందుబాటులో ఉండాలన్నదీ అందులోనే ఉంది.

దుబాసీగా భర్తనో, అత్తనో, చెల్లెలినో కూర్చోబెట్టకూడదు. శిక్షణ పొందిన స్త్రీ కావాలి, గోప్యత పాటిస్తానని ఆమె ముందే మాటివ్వాలి. ఆపరేషన్‌కు వచ్చినామె ఇవాళ చెప్పింది ఆమె ఒప్పుకున్న మేరకే ఫైలు మొదటి పేజీలో రాయాలి: ఏ మత్తు, ఏ సైగ, ఎవరు పక్కన, ఏ మాట అనకూడదు. అది రాసి ఉంటే షిఫ్టు మారిన ప్రతి నర్సుకూ ఆమె మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు.