అటు తిరిగిన దేవుడు

ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు. ఈ జర్మనీలో ఆదివారం కొట్లు తీయరు, నిన్న మర్చిపోయిన పెరుగు ఇక రేపటిదాకా లేనట్టే. ఇంట్లో ఉంటే ఆఫీసు లాప్‌టాప్ తెరుస్తానని భయమేసి, గొడుగు పట్టుకుని ట్రామెక్కి ఆల్బర్టినమ్ మ్యూజియంకి పోయాను. డ్రెస్డెన్ వచ్చి రెండేళ్ళయింది. చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ సమాధి ఉన్న శ్మశానం గోడ పక్కనుంచి రోజూ నడుస్తాను గానీ, ఆయన వేసిన బొమ్మ ఇంతవరకూ చూడలేదు. చెప్పుకోడానికి సిగ్గే.

1808 నాటి ‘కొండల్లో శిలువ’ ముందు చాలాసేపు నిలబడిపోయాను. మరీ పెద్దదేం కాదు, ఎత్తు 115 సెంటీమీటర్లు. ఒక కొండ కొమ్ము, దాని మీద సూదుల్లాంటి చెట్లు, వెనక ఎర్రటి మబ్బులు. చిన్నప్పుడు డ్రాయింగ్ మాస్టారు వేయించిన సీనరీలో ఉండేవాటిలో ఏరూ పూరిల్లూ తప్ప అన్నీ ఉన్నాయి. సూర్యుడు మాత్రం కొండ చాటున ఉన్నాడు, కిరణాలే పైకొస్తున్నాయి. కొండ కొసన సన్నటి శిలువ, దాని మొదట్లో అల్లుకున్న తీగ. శిలువ మీద ఉన్నది లోహపు విగ్రహం. అదీ మనవైపు చూడదు, అటు పొద్దువైపు తిరిగి ఉంటుంది.

అసలు తమాషా చట్రంలో ఉంది. ఫ్రీడ్రిష్ చెప్పినట్టు ఒక శిల్పి చెక్కిన బంగారు రంగు చట్రం అది. పైన కమానులా వంగిన ఖర్జూరపు మట్టలు, వాటి మధ్య దేవదూతల తలలు, కింద త్రికోణంలో ఒక కన్ను, అటూ ఇటూ గోధుమ కంకులూ ద్రాక్ష తీగా. మామూలు సీనరీని ఆ చట్రం పూజాపీఠం చేసేసింది. ఆ ఏడు క్రిస్మస్‌కి ఫ్రీడ్రిష్ తన గదిలోనే వెలుతురు తగ్గించి, బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద బొమ్మను నిలబెట్టి జనాన్ని రానిచ్చాడట. మరుసటి నెల రామ్‌డోర్ అనే విమర్శకుడు పత్రికలో విరుచుకుపడ్డాడు. ప్రకృతి దృశ్యం గుళ్ళోకి దూరి పీఠమెక్కడమేంటని ఆయన గోల. నాకు ఆయన మీద కోపం రాలేదు. మా ఇంట్లోనూ అదే పద్ధతి కదా. సీనరీ హాల్లో, పటం దేవుడి గదిలో.

ఫోటో తీసి అమ్మకి పంపాను. సాయంత్రం ఫోను.

“బావుందిరా. దేవుడేడీ?”

“కొండ మీద, అమ్మా. జూమ్ చెయ్యి.”

కాసేపు మాటలేదు. “అటు తిరిగున్నాడేంట్రా? ఇంక దణ్ణం ఎలా పెట్టుకుంటారు?”

రామ్‌డోర్ కన్నా అమ్మే సూటిగా అడిగిందనిపించింది. మన పటాల్లో వెనక ఎన్ని కొండలూ కొలనులూ ఉన్నా అవి నాటకం తెరే. అమ్మ దేవుడి గదిలో ఉన్న రవివర్మ లక్ష్మి చుట్టూ నీళ్ళున్నాయి, ఏనుగుంది, కానీ చూపు మాత్రం మన మీదే. ఆ చూపు కోసమే కదా దర్శనం అనేది. ఫ్రీడ్రిష్ దేవుణ్ణి అటు తిప్పేసి, ఆ చూపేదో పొద్దుగుంకే వెలుగులో వెతుక్కోమన్నాడు. అందంగానే ఉంది, కానీ కాస్త ఒంటరిగా కూడా ఉంది. నాకైతే చలేసింది, అది హీటర్ లేక కాదు.

అప్పుడు ఫోన్లో దాచుకున్న ఇంకో బొమ్మ పంపాను. టోక్యో నెజు మ్యూజియంలో ఉన్న నాచి జలపాతం, దాదాపు ఏడొందల ఏళ్ళ కిందట పట్టు మీద వేసింది. పొడుగాటి బొమ్మ నడుమ తెల్లటి నీటిధార, పైన కొండ వెనక చందమామ, కింద చెట్ల మధ్య గుడి కప్పు. మనుషుల్లేరు, దేవుడి ముఖమూ లేదు. ఎందుకంటే ఆ 133 మీటర్ల జలపాతమే అక్కడ దేవుడు. దాని దగ్గరున్న గుళ్ళో గర్భగుడే లేదు, నీళ్ళకి ఎదురుగా నిలబడి మొక్కుతారు.

దీనికి అమ్మ ఏమంటుందోనని చూశాను. అస్సలు తడుముకోలేదు.

“నీళ్ళే దేవుడా? అయితే సరే. మీ నానమ్మ తిరుమల నడిచెళ్ళినప్పుడు మోకాళ్ళ పర్వతం మోకాళ్ళతోనే ఎక్కింది. కొండ మీద కాలు పెట్టకూడదని.”

నిజమే. అన్నమయ్య కథలోనూ అంతే. చెప్పులేసుకుని ఎక్కుతూ సొమ్మసిల్లిన పిల్లాడికి అమ్మవారు కనబడి, ఈ కొండంతా సాలగ్రామమే, చెప్పులు విప్పమంటుంది. అమ్మకి జపాన్ ఎక్కడుందో సరిగా తెలీదు, అయినా ఆ జలపాతం ఆవిడకి వెంటనే దేవుడైపోయింది. నేను రెండు గంటలు నిలబడి చూసిన బొమ్మ మాత్రం ఇంకా సీనరీయే.

మ్యూజియం కొట్లో శిలువ బొమ్మ పోస్ట్‌కార్డు కొన్నాను. ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు, చట్రం లేకుండా ఉత్త బొమ్మే అచ్చేశారు. ఆ కన్నూ లేదు, ఆ కంకులూ లేవు. వంటింట్లో చిన్న వెంకన్న ఫోటో ఉన్న అలమర పక్కనే గోడకి అంటించి అమ్మకి వీడియోలో చూపించాను.

“అక్కడొద్దురా, పొయ్యికి దగ్గర. పోపు చిందుతుంది” అంది.